ఏ కొలువుకు ఏ పోలీసు పత్రం?

ఉద్యోగానికి ముందు జరిగే నేరచరిత్ర పరిశీలన అంతా ఒకే రకం కాదు. అడుగుతున్నది ఎవరు, పని ఏమిటి, ఏ దేశంలో అన్నదాన్ని బట్టి పత్రం మారుతుంది. కాట్రేనికోన, పల్లంకుర్రు, చెయ్యేరు వంటి కోనసీమ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి, కానిస్టేబుల్‌గా ఎంపికైనవారికి, బడి బస్సు నడిపేవారికి కావలసినవి వేర్వేరు. తేడా తెలియక ఒకదానికి బదులు మరొకటి తెచ్చుకుంటే డబ్బూ పోతుంది, గడువూ దాటుతుంది.

విదేశీ ఉద్యోగానికి కావలసింది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే పీసీసీ. దీన్ని ఇచ్చేది పాస్‌పోర్టు కార్యాలయం. పోలీసుల పని విచారించి నివేదిక పంపడం వరకే. దరఖాస్తు రుసుము 500 రూపాయలు. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. ఏ దేశం కోసమో దరఖాస్తులోనే చెప్పాలి. పర్యాటక వీసాకు పీసీసీ ఇవ్వరు.

కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళల విషయంలో రెండు క్లియరెన్సులను ఒకటిగా పొరబడడం పెద్ద చిక్కు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఉన్నవారు నిర్ణీత దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. అది శ్రామికుల రక్షణ కోసం పెట్టిన అనుమతి. దానికీ నేరచరిత్రకూ సంబంధం లేదు. ఒకటి చేతికొచ్చిందని రెండోది అక్కర్లేదనే ఏజెంటు మాట నమ్మకూడదు.

బ్రిటన్‌కు వెళ్లే నర్సులకు పరిశీలన రెండు దశల్లో ఉంటుంది. ఆరోగ్య, సంరక్షణ, విద్యారంగాల్లోని చాలా ఉద్యోగాల వీసాకు, 18 ఏళ్లు దాటాక గత పదేళ్లలో 12 నెలలు లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పత్రం చూపాలి. కువైట్‌లో నాలుగేళ్లు పనిచేసిన నర్సుకు భారతీయ పీసీసీ ఒక్కటే చాలదు, కువైట్ పోలీసుల పత్రమూ కావాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో ఉద్యోగంలో చేరేటప్పుడు డీబీఎస్ (డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్) తనిఖీ వేరే ఉంటుంది. అందులో బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అనే స్థాయిలున్నాయి. బేసిక్ తనిఖీకి ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవచ్చు. పై స్థాయిలకు చట్టం అనుమతించిన పనులకే, సంస్థ ద్వారానే వెళ్లాలి. పనికి మించిన తనిఖీ అడిగే హక్కు అక్కడి యజమానికి లేదు. ఈ పద్ధతి మనకూ ఆదర్శం కావాలి.

ప్రభుత్వోద్యోగంలో అభ్యర్థి పత్రం తేనక్కర్లేదు. ఎంపికయ్యాక అతడు నింపిన అటెస్టేషన్ ఫారం ఆధారంగా నియామక శాఖే పోలీసులతో విచారణ జరిపిస్తుంది. ఇక్కడ ప్రమాదం దాచడంలో ఉంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఫారం అడిగినదానికి నిజం చెప్పాలి. యువకులు చేసే చిన్న తప్పిదాలను దాచినా, యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. నిజం చెప్పినా తగినవాడో కాదో తేల్చే హక్కు మాత్రం యజమానిదే. బాల్యంలో చట్టంతో విభేదించినవారికి 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ సాధారణంగా అనర్హత అంటకుండా కాపాడుతుంది.

2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత ఎందరో యువకులపై కేసులు నమోదయ్యాయి. కేసు పడటం, నేరం రుజువు కావడం ఒకటి కాదు. అయినా ఫారం పెండింగు కేసుల గురించి అడిగితే చెప్పితీరాలి. ఇలాంటి కేసులను ఉపసంహరించాలని ప్రభుత్వం నిర్ణయించినా అంతటితో అవి ముగిసిపోవు, కోర్టు సమ్మతి తప్పనిసరి. కనుక దగ్గర ఉంచుకోవలసింది పత్రికలో వచ్చిన వార్త కాదు, కోర్టు ఉత్తర్వు నకలు.

ప్రైవేటు కొలువుల్లో పనిని బట్టి తనిఖీ ఉండాలి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో నిత్యం మెలిగే సంస్థలు బోధన సిబ్బందికే కాదు, డ్రైవర్లు, ఆయాలు సహా అందరికీ ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. చేరిన రోజు ఒక కాగితం తీసుకుని బీరువాలో పడేస్తే సరిపోదు. సెక్యూరిటీ గార్డుల విషయంలో 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కూడా నడవడి, పూర్వచరిత్రల పరిశీలన తప్పనిసరి అంటోంది. కొబ్బరి దింపుకో, రొయ్యల చెరువు పనికో పీసీసీ అడగడం మాత్రం పేదవాడిపై అనవసర భారం.

పత్రం తెమ్మన్నవారిని దాని పేరు, ఇచ్చే కార్యాలయం, చెల్లుబాటు గడువు రాసిమ్మని అభ్యర్థులు అడగాలి. పనికి అవసరమైనంతే యజమానులు అడగాలి. పిల్లల దగ్గర పనిచేసేవారి విషయంలో మాత్రం ఏ బడీ, ఏ హాస్టలూ మినహాయింపు కోరకూడదు.