పడవ నడిపేవాడి చేతిలో పటం ఉండాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ లేదు. బుడమేరుకు గండ్లు ఎందుకు పడ్డాయో, ఎవరు ఎప్పుడు పూడ్చారో అప్పుడే అన్ని పత్రికల్లోనూ వచ్చింది. నా బాధ దాని తరవాతి సంగతి గురించి. సాయం ఊళ్లోకి వచ్చింది. సందుల్లోకి ఎందుకు చేరలేకపోయింది?

నేను సర్వే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో టౌన్ షీట్లు గీసిన తరం మాది. ఆ వారం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర, పడవలు బయలుదేరేచోట నిలబడి, బయటి ఊళ్ల నుంచి వచ్చిన పడవవాళ్లకు అట్టముక్కల మీద దారులు గీసి ఇచ్చాను. వాళ్లకు నీళ్లు తెలుసు, ఊరు తెలియదు. పైపుల రోడ్డు ఎటు, డాబాకొట్లు ఎటు, వాంబే కాలనీకి ఏ మలుపు తిరగాలి, అన్నీ చెప్పాలి. నీళ్లకింద ఏముందో కూడా గీయాలి. పార్కు ప్రహరీ మీద మొనదేలిన ఇనుప ఊచలు, మూతలేని సైడు కాలువ, మునిగిన కారు, చేతికందే ఎత్తుకు జారిన కరెంటు తీగ. ఫైబరు పడవ అడుగుకు ఒక్క ఊచ చాలు.

వెళ్లినవాడు తిరిగొచ్చి, "మూడో సందులో లారీ అడ్డంగా ఉందయ్యా, వెనకనించి తిరిగి పోవాలి" అని చెప్పేవాడు. ఆ మాట నాకూ నా పక్కనున్న నలుగురికీ తెలిసేది. అవతలి వైపు నుంచి దిగుతున్న పడవలకు తెలిసే దారి లేదు. నా కళ్లముందే ఒకే సందుకు రెండు పడవలు పాలప్యాకెట్లతో పోయాయి. దాని వెనక సందుకు సాయంత్రం దాకా ఏదీ పోలేదు.

పటాలు లేక కాదు ఇదంతా. డ్రెయిన్ల పటం ఒక శాఖ దగ్గర ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్లది మరో శాఖ దగ్గర, కాలువ కట్టల లెవెల్స్ ఇంకో శాఖ దగ్గర. ఎవరి పటం వాళ్ల బీరువాలో భద్రంగా ఉంటుంది. నీళ్లు వార్డు హద్దు చూడవు, లెవెల్ చూస్తాయి. పల్లం ఎక్కడుందో చెప్పే కాగితం, ఆ పల్లంలో ఎవరుంటున్నారో చెప్పే కాగితం ఒకే తెర మీదికి వస్తే తప్ప మొదటి పడవ ఎక్కడికి పోవాలో తేలదు.

ఉపగ్రహాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మన హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరద ముంపు పటాలు తయారుచేసి ఇస్తుంది. రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి కూడా నీటిని పట్టగలదు. కానీ అది మళ్లీ మన నెత్తిమీదికి వచ్చేదాకా ఆగాలి. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకున్న బస్తీలో సందు సందునా నీళ్లెంత లోతున్నాయో అది చెప్పలేదు. ఆ సంగతి అక్కడ నడుము లోతు నీళ్లలో నిలబడ్డ మనిషే చెప్పాలి.

మనుషులు చెప్పగలరని 2015 వరదల్లో చెన్నై రుజువు చేసింది. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పెట్టిన పటంలో జనం తమ వీధి మునిగిందని వాళ్లే గుర్తు పెట్టారు, వేల వీధులు అలా చేరాయి. 2018 వరదల్లో కేరళలో వాలంటీర్లు, ప్రభుత్వ ఐటీ మిషన్ కలిసి సాయం వినతులు తీసుకునే కేరళరెస్క్యూ వెబ్‌సైటు నడిపారు. అక్కడ నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. రక్షించిన మనిషి కోసం కూడా వాట్సాప్‌లో వినతులు తిరుగుతూనే ఉన్నాయి. పటంలో చుక్క పెట్టడం సగం పనే. పని అయ్యాక ఆ చుక్కను తీసేసే మనిషి లేకపోతే రెండో పడవ ఖాళీ ఇంటికి పోతుంది.

వరదలో సిగ్నల్ పోతే పటం ఏం పనికొస్తుందని అడుగుతారు. ఫోన్‌లోని జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, పటం ముందే దింపుకుని ఉంటే చాలు. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ దాదాపు నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్ ఇస్తుంది. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు గొడవ దాంతో తీరుతుంది. ఏ అంతస్తు అన్నది మాత్రం విడిగా రాసుకోవాలి.

అది రాయగలవాళ్లు మన దగ్గరే ఉన్నారు. నెలనెలా పెన్షన్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లే సచివాలయం సిబ్బందికి మంచం పట్టిన ముసలమ్మ ఏ మేడ మీద ఉందో తెలుసు. డయాలసిస్‌కు పోయేవారెవరో, నెలలు నిండిన అమ్మాయి ఎవరో ఆశా కార్యకర్తకు తెలుసు. ఈ వివరాలు అందరి ఫోన్లలోకీ పోకూడదు. ఒంటరి ఆడమనిషి ఇల్లు ఊరందరికీ చూపించే పటం నాకు వద్దు. నీటి లోతు, మూసుకుపోయిన దారి, పునరావాస కేంద్రం అందరికీ కనపడాలి. రోగుల వివరాలు కంట్రోల్ రూముకు, ఆ సందుకు వెళ్లే బృందానికి మాత్రమే కనపడాలి. వాన తగ్గాక వాటిని తీసేయాలి.

పటాలు గీయడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదని కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఇక అడ్డం ఏమిటి? శాఖలు ఒకరికొకరు ఇచ్చుకోకపోవడమే. దానికి కలెక్టర్ సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి, ప్రతి శాఖ నుంచీ పేరుతో సహా బాధ్యుడైన ఒక ఉద్యోగి కావాలి.

జూన్ రాకముందే ఒక ఆదివారం ఏదో ఒక వార్డులో పరీక్ష పెట్టండి. ఆ ఊరు ఎన్నడూ చూడని జాలరిని పిలిచి, డేటా ఆపేసిన ఫోన్ చేతికిచ్చి, వెనక సందులో రెండో అంతస్తు గుమ్మం దాకా ఎవరినీ అడక్కుండా పొమ్మనండి. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ పటం దిద్దండి. ఆ వార్డు లెవెల్స్ తీసే పని మాకు అప్పగించండి. నాతో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. వస్తారు.