పాలపొంగు

పొయ్యిమీద పాలు పొంగి అంచుదాకా వస్తే, పాలు ఎక్కువయ్యాయని ఏ ఇల్లాలూ సంతోషించదు. పొంగు వేరు, పాలు వేరు. ఈ చిన్న సంగతే 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రపు త్రీ మైల్ ఐలెండ్ అణువిద్యుత్ కేంద్రంలో కొంప ముంచింది.

రియాక్టరులోని ఇంధనపు కడ్డీలు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. అక్కడ ఆ నీటిమట్టాన్ని నేరుగా చూపే సాధనం లేదు. గొట్టంతో దానికి కలిసివున్న ప్రెషరైజర్ అనే తొట్టిలోని మట్టాన్ని చూసి ఊహించుకోవలసిందే. ఆనాడు ఆ తొట్టి పైనున్న వాల్వు ఒకటి తెరుచుకుని, మళ్ళీ మూసుకోలేదు. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోతూనే ఉంది. మిగిలిన నీటిలో ఆవిరి పుట్టి, నీటిని తొట్టిలోకి నెట్టింది. తొట్టి నిండుతోందని ముల్లు చూపింది. సిబ్బంది అది నమ్మి, తనంతట తాను వస్తున్న అత్యవసరపు నీటిని బాగా తగ్గించివేశారు. కడ్డీలు బయటపడ్డాయి. ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది.

ఆ తరువాతనే అమెరికాలో ఆ తరహా రియాక్టర్లకు లోపలి నీటిమట్టాన్ని తెలిపే సాధనాలు అమర్చారు.

ముల్లును తప్పుపట్టి లాభం లేదండీ. అది తొట్టి సంగతి చెప్పింది. రియాక్టరు సంగతి దానికేం తెలుసు?