రెండు స్విచ్‌లుంటే బ్యాకప్ అక్కర్లేదా?

నెట్‌వర్కింగ్ నేర్చుకునే చాలామందికి ఒక ధీమా ఉంటుంది. ‘కోర్‌లో రెండు స్విచ్‌లు పెట్టాం. ఒకటి పోతే ఇంకోటి ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?’ అని. నన్నడిగితే అసలు ప్రమాదం ఈ ధీమాతోనే. రెండో స్విచ్ ఆదుకునేది హార్డ్‌వేర్ పాడైనప్పుడు. మనం తప్పు కమాండ్ కొట్టినప్పుడు కాదు.

స్టాక్ చేసిన స్విచ్‌లనే తీసుకోండి. అన్నిటికీ కలిపి ఒకటే కాన్ఫిగరేషన్. పొరపాటున ఒక వీల్యాన్ తీసేస్తే స్టాక్ మొత్తంలో పోతుంది. హెచ్‌ఎస్‌ఆర్‌పీతో విడివిడిగా నడిచే జతలో ఇబ్బంది ఇంకో రకం. దేని కాన్ఫిగరేషన్ దానిదే. ఒకటి కాలిపోయి కొత్తది తెస్తే, అది ఖాళీగా వస్తుంది. పక్కదాన్ని చూసి కొడదామంటే ఐపీలు, ప్రయారిటీలు, పోర్టులు అన్నీ వేరు. నైట్ షిఫ్టులో ఉన్న ఫ్రెషర్ ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉండేదో వెతుక్కుంటూ కూర్చోవాలి. అంతవరకూ ఆఫీసంతా ఒంటి స్విచ్ మీదే నడవాలి.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. సిస్కో ఐఓఎస్‌లో ‘ఆర్కైవ్’ సదుపాయం ఉంది. ‘పాత్’లో బ్యాకప్ సర్వర్ అడ్రస్ ఇచ్చి ‘రైట్-మెమరీ’ పెడితే, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ అక్కడికి వెళ్తుంది. ‘టైమ్-పీరియడ్ 1440’ ఇస్తే 1440 నిమిషాలకోసారి, అంటే రోజుకొకటి. రకరకాల కంపెనీల స్విచ్‌లుంటే ఆక్సిడైజ్డ్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్ చాలు. ఏ రోజు ఏ లైను మారిందో గిట్‌లో చూపిస్తుంది.

జతగా ఉన్న స్విచ్‌ల విషయంలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. టూల్‌కి వర్చువల్ ఐపీ ఇవ్వకండి. ఇస్తే ఎప్పుడూ యాక్టివ్ స్విచ్ కాపీయే వస్తుంది, స్టాండ్‌బైది రానే రాదు. ప్రతి స్విచ్‌కీ దాని సొంత మేనేజ్‌మెంట్ ఐపీనే వాడాలి. రెండోది, ఫైలు పేరులో హోస్ట్‌నేమ్ వచ్చేలా చూడాలి. లేదంటే ఒకదాని ఫైలు మీద ఇంకోటి పడిపోతుంది. మూడోది, కాన్ఫిగరేషన్‌లో పాస్‌వర్డ్‌లుంటాయి. ఎన్‌క్రిప్షన్ లేని టీఎఫ్‌టీపీ బదులు ఎస్‌సీపీ వాడటం మేలు.

ఇంత చేసినా, తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ని నమ్మకూడదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని మెయిన్ సర్వర్‌లో డేటా తీసేశారు. రోజూ వెళ్తున్నాయనుకున్న బ్యాకప్‌లు తీరా చూస్తే లేవు. దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఇంకో కాపీ ఉండబట్టి చాలావరకు బయటపడ్డారు. అది డేటాబేస్ కథే అయినా పాఠం స్విచ్‌లకీ వర్తిస్తుంది.

మన కోర్సుల్లో ఫెయిలోవర్‌కి ల్యాబ్ ఉంటుంది, రిస్టోర్‌కి మాత్రం కనిపించడం అరుదు. ఆ ల్యాబ్ మీరే పెట్టుకోండి. ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు స్విచ్‌లు, ఒక టీఎఫ్‌టీపీ సర్వర్ పెట్టి కాపీ తీయండి. ఒక స్విచ్‌ని మొత్తం చెరిపేసి మళ్లీ నిలబెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. రెజ్యుమెలో ‘హెచ్‌ఎస్‌ఆర్‌పీ తెలుసు’ అని చాలామంది రాస్తారు. ‘ఖాళీ స్విచ్‌ని ఇన్ని నిమిషాల్లో తిరిగి నిలబెట్టాను’ అని ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది.