చల్లారిన కేసా, చల్లార్చిన కేసా?

పోలీసులు చేతులెత్తేసి, కాగితాలు కట్టగట్టి అటక మీద పడేసిన హత్యకేసును అమెరికాలో "కోల్డ్ కేసు" అంటారు. అంటే చల్లారిపోయిన కేసు. ముప్పై నలభై ఏళ్లు గడిచాక పట్టుదల గల అధికారి ఎవరో ఆ కట్ట దించి, దుమ్ము దులిపి, ముసలివాడైపోయిన హంతకుణ్ణి పట్టుకుంటాడు. చచ్చిపోయింది పసిపిల్ల అయితే కథ మరీ రక్తి కడుతుంది. పుస్తకాలుగా, టెలివిజన్ ధారావాహికలుగా, డాక్యుమెంటరీలుగా ఈ కథలకు ఇవాళ ప్రపంచమంతటా గిరాకీ. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ వెంట హంతకుల కోసం పరుగెత్తి పెరిగిన పాఠకులం మనం. ఈ రుచి మనకూ కొత్త కాదు. అపరాధ పరిశోధన కథల మీద నాకు కోపమేమీ లేదు.

నా తగాదా ఆ మాటతో. చల్లారడమంటే దానంతట అది జరిగే పని. పొయ్యి మీంచి దించిన అన్నం చల్లారుతుంది. దాన్ని ఎవరూ చల్లార్చనక్కరలేదు. సాక్షులు చచ్చిపోతారు, జ్ఞాపకాలు మాసిపోతాయి, కాగితాలకు చెద పడుతుంది, పాపం పోలీసులు మాత్రం ఏం చేస్తారు, అన్న జాలి ఆ మాట వెంటే వస్తుంది. ఈ లెక్కన ముద్దాయి కాలం. కాలాన్ని బోనులో నిలబెట్టలేము గదా!

నిజంగా చల్లారిన కేసులు లేవని అనను. 1957 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నగరంలో ఒక అట్టపెట్టెలో నాలుగేళ్ల పిల్లవాడి శవం దొరికింది. వాడెవరో తెలిస్తే చెప్పండని ఫొటోలు అచ్చువేసి నగరమంతా పంచారు. నా బిడ్డ అని ఒక్కరూ రాలేదు. 65 ఏళ్ల తర్వాత, 2022లో, డి.ఎన్.ఎ.ను వంశవృక్షాలతో పోల్చి ఆ పిల్లవాడి పేరు కనుక్కున్నారు: జోసెఫ్ ఆగస్టస్ జరెల్లి. పేరు ప్రకటించిన నాడు కూడా హంతకుడెవరో చెప్పలేకపోయారు. అయినా పేరు లేని సమాధికి పేరు దొరికింది. ఇలాంటి చోట విజ్ఞానశాస్త్రానికి నమస్కారం పెట్టవలసిందే.

కాని ఈ కేసు పక్కనే, అదే అరలో, అదే చీటీ అంటించి బర్మింగ్‌హామ్ కేసును కూడా పెడతారు. దాన్ని అక్కణ్ణించి తీసెయ్యాలని నా వాదన.

1963 సెప్టెంబరు 15, ఆదివారం. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ ఉక్కు కొలుముల వూరు. నల్లవాళ్ల ఇళ్ల మీదా చర్చిల మీదా పడిన బాంబులకు లెక్క లేక జనం ఆ వూరిని "బాంబింగ్‌హామ్" అనేవారు. నల్లవాళ్లు ఇళ్లు కట్టుకున్న ఒక గుట్ట పేరే "డైనమైట్ హిల్". ఆ ఏడు మే నెలలో బడి పిల్లలు వేర్పాటు చట్టాలకు వ్యతిరేకంగా వూరేగింపులు బయలుదేరింది పదహారో వీధి బాప్టిస్టు చర్చి నుంచి. వాళ్ల మీదికే పోలీసు కుక్కల్ని వుసిగొల్పారు, నీటిగొట్టాలు తిప్పారు. సెప్టెంబరులో కోర్టు ఉత్తర్వు మీద తెల్లవాళ్ల బళ్లలో నల్లపిల్లల్ని చేర్చుకోవడం మొదలైంది. కొద్దిరోజులకే, ఆ ఆదివారం ఉదయం 10 గంటల 22 నిమిషాలకు, చర్చి మెట్ల కింద పెట్టిన డైనమైట్ పేలింది. నేలమాళిగలో ప్రార్థనకు ముస్తాబవుతున్న నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్ పద్నాలుగేళ్లవాళ్లు. డెనీస్ మెక్‌నైర్‌కు పదకొండు. ఆడీ మే చెల్లెలు సారా పన్నెండేళ్ల పిల్ల. ఆమె కుడికన్ను పోయింది.

ఆ పేలుడులో రంగుటద్దాల కిటికీలో వున్న క్రీస్తు బొమ్మకు ముఖం మాత్రం ఎగిరిపోయింది. ఈ కేసు గురించి రాసేవాళ్లంతా ఆ అద్దం దగ్గర ఆగి ఒక నిట్టూర్పు విడుస్తారు. నేను ఇంకొకచోట ఆగుతాను: వంద డాలర్ల దగ్గర. రాబర్ట్ ఛాంబ్లిస్ కూ క్లక్స్ క్లాన్ మనిషి. వూళ్లో అతని ముద్దుపేరు "డైనమైట్ బాబ్". ఆ నెలాఖరుకే అతన్ని పట్టుకున్నారు. కాని కోర్టు ముందు పెట్టిన నేరం హత్య కాదు, లైసెన్సు లేకుండా డైనమైట్ దగ్గర వుంచుకోవడం. అక్టోబరులో తీర్పు వచ్చింది: వంద డాలర్ల జుల్మానా, ఆరునెలల ఖైదు. ఆ ఖైదు కూడా అమలు జరపకుండా నిలిపేశారు. బాంబు పేలి నెల తిరక్కముందే చట్టం ఆ మనిషిని పట్టుకుని, చూసి, వంద డాలర్లు పుచ్చుకుని ఇంటికి పంపింది. దీన్ని ఏమీ తెలియని కేసు అనడానికి వీల్లేదు.

కేంద్ర ప్రభుత్వపు పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. కూడా రంగంలోకి దిగింది. దాని సిబ్బంది పనిచెయ్యలేదని ఎవరూ అనలేరు. చేశారు, చాలా బాగా చేశారు. 1964లో థామస్ బ్లాంటన్ అనే క్లాన్ సభ్యుడి వంటింటి గోడలో మైక్రోఫోను అమర్చారు. బాంబు కోసం పెట్టుకున్న మంతనం గురించి అతను భార్యతో అన్న మాటలు టేపు మీదికెక్కాయి. 1965 మే 13న బర్మింగ్‌హామ్ కార్యాలయం నాలుగు పేర్లు రాసి వాషింగ్టన్‌లోని అధిపతి జె. ఎడ్గర్ హూవర్‌కు పంపింది: ఛాంబ్లిస్, బ్లాంటన్, బాబీ ఫ్రాంక్ చెర్రీ, హెర్మన్ క్యాష్. హూవర్ కేసు పెట్టనివ్వలేదు. శిక్షపడే ఆశ బహు తక్కువ అన్నాడు. 1968లో ఎవరి మీదా నేరం మోపకుండా ఫైలు మూసేశారు. హూవరే కేసుకు అడ్డుపడ్డాడని 1980లో అమెరికా న్యాయశాఖ నివేదికే ఒప్పుకుంది.

ఇక్కడ ఇంకొక టేపు సంగతి చెప్పాలి. అదే 1963 అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్ టెలిఫోను దొంగచాటుగా వినడానికి ఎఫ్.బి.ఐ. అనుమతి తెచ్చుకుంది. చచ్చిపోయిన ఆడపిల్లల అంత్యక్రియల్లో మాట్లాడి నెల కాలేదు ఆయన. 1964లో ఆయన దిగిన హోటలు గదుల్లో మైక్రోఫోన్లు పెట్టారు. ఆ నవంబరులో ఆ టేపుల నుంచి ఏరిన భాగాన్ని, ఆత్మహత్య చేసుకోమని సూచించే ఆకాశరామన్న ఉత్తరంతో కలిపి, ఆయనకు పోస్టులో పంపారు. సంస్థ ఒకటే, యంత్రం ఒకటే, ఏడూ ఒకటే. ఉద్యమకారుడి పడగ్గది టేపు నెలల్లో పోస్టులో బయలుదేరింది. బాంబు వేసినవాడి వంటింటి టేపు జ్యూరీ చెవిన పడడానికి 37 ఏళ్లు పట్టింది. కాలం చేసిన పనా ఇది?

హూవర్ పక్షాన ఒక వాదముంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యను. 1965లో అలబామా జ్యూరీ నల్లపిల్లల కోసం తెల్లవాణ్ణి శిక్షించేదా? ఒకసారి నిర్దోషి అని విడిచిపెడితే అదే నేరానికి మళ్లీ విచారించే వీలు లేదు. అందుకని ఆగడం మేలు కాదా? ఆ జ్యూరీల మీద అపనమ్మకం న్యాయమే. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపిన ఇద్దర్ని, అందరూ తెల్ల మగవాళ్లే అయిన జ్యూరీ 67 నిమిషాల్లో విడిచిపెట్టింది. మరుసటి జనవరిలో ఆ ఇద్దరూ డబ్బు పుచ్చుకుని, తామే చంపామని "లుక్" పత్రికకు చెప్పారు. ఆ హత్యకు ఎవరికీ ఎన్నడూ శిక్ష పడలేదు. 2004లో ఒకసారి, 2017లో ఒకసారి కేసు తిరగదోడి, 2021 డిసెంబరులో కట్టేశారు.

సరే, ఒప్పుకుందాం. జ్యూరీలను చూసి భయపడే ఆగారనుకుందాం. భయం తీరాక ఏం చేశారు? 1971లో బిల్ బాక్స్‌లీ అనే యువకుడు అలబామా రాష్ట్ర అటార్నీ జనరల్ అయ్యాడు. బాంబు పేలిననాడు అతను న్యాయశాస్త్ర విద్యార్థి. ఆ నలుగురు పిల్లల పేర్లూ తన టెలిఫోను కార్డు మీద రాసుకుని తిరిగాడట. కేసు తిరగదోడి ఎఫ్.బి.ఐ.ని ఫైళ్లు అడిగాడు. ఇయ్యలేదు. మళ్లీ అడిగాడు. 1972లో హూవర్ చనిపోయాడు. అయినా ఇయ్యలేదు. సంగతి పత్రికలకెక్కుతుందన్న బెదిరింపు వచ్చాకగాని కొన్ని కాగితాలు కదల్లేదు. కదిలిన వాటిలో టేపులు లేవు. వున్నాయని కూడా అతనికి చెప్పలేదు. చేతికందిన కొద్దిపాటి ఆధారాలతో, ఛాంబ్లిస్ దగ్గరి బంధువు ఒకామె ధైర్యం చేసి చెప్పిన సాక్ష్యంతో, 1977 నవంబరులో డెనీస్ హత్యకేసులో బాక్స్‌లీ ఛాంబ్లిస్‌కు యావజ్జీవం వేయించాడు. వేసింది తెల్లవాళ్లు ఎక్కువగా వున్న అలబామా జ్యూరీయే. జ్యూరీ భయం అన్న సాకు ఆనాటితో చెల్లిపోయింది. మరి ఆ మర్నాడైనా టేపులు బయటికి రావాలి గదా? మరో ఇరవైయేళ్లు రాలేదు.

వాటిని వారంటు లేకుండా, గూఢచర్యం కోసం చేశారు, కోర్టుకు పనికిరావనుకున్నారు అని ఒక సమాధానం చెబుతారు. పనికొస్తాయో రావో తేల్చవలసింది న్యాయమూర్తి. 2001లో న్యాయమూర్తి ముందు పెడితే వంటింటి టేపు పనికొచ్చింది. అది విన్న జ్యూరీ మే 1న బ్లాంటన్‌ను దోషి అన్నది. ఆ నెలలోనే బాక్స్‌లీ "న్యూయార్క్ టైమ్స్"లో నిలదీశాడు: నాకెందుకు దాచారని. మరుసటి ఏడు మే 22న చెర్రీకి శిక్షపడింది. ఆ రెండు కేసులూ నడిపిన డగ్ జోన్స్ 1977లో క్లాసు ఎగ్గొట్టి బాక్స్‌లీ వాదన వినడానికి వెళ్లిన విద్యార్థి. ఈ ఇద్దరి నిజాయితీని శంకించడం నా వుద్దేశం కాదు. వాళ్లు లేకపోతే ఆ మూడు శిక్షలూ లేవు. కాని ఒక ప్రభుత్వశాఖ గోడౌనులో వున్న ఆధారాన్ని ఇంకొక ప్రభుత్వశాఖ వెలికితీస్తే, దాన్ని మహాపరిశోధన అని పొగిడేవాళ్లు, గోడౌనుకు తాళం వేసిన చెయ్యి ఎవరిదో అడగరేం?

"ఆలస్యమైనా ధర్మం గెలిచింది, వ్యవస్థ తన తప్పు తానే దిద్దుకుంది" అని 2002లో సంబరపడినవాళ్లు చాలామంది. ఆ దిద్దుబాటు ఎవరికి ఏమిచ్చిందో చూడాలి. క్యాష్ 1994లో చనిపోయాడు. ఒక్కరోజు కోర్టు మెట్లెక్కలేదు. చెర్రీ టెక్సస్ వెళ్లి స్థిరపడి, పిల్లల్ని పెంచి, మనవల్ని ఎత్తుకుని, చేసిన పని వాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. చివరికి మనవరాలే బోనెక్కి ఆ మాట చెప్పింది. జైలుకు పోయేనాటికి అతనికి 71 ఏళ్లు, రెండేళ్లకే చనిపోయాడు. బాంబు వేసిననాడు బ్లాంటన్‌కు 25; శిక్షపడేనాటికి 62. పడుచుతనం, నడివయసు, కుటుంబ సౌఖ్యం, ఆ నలుగురు పిల్లలకు దక్కనివన్నీ ఈ మనుషులకు దక్కాయి. ఇచ్చింది మూసిన ఫైలు. ఇటుపక్క కరోల్ తల్లి ఆల్ఫా రాబర్ట్‌సన్ 2001లో సాక్ష్యం చెప్పింది. మరుసటి ఏడు కన్నుమూసింది. ఆమె దృష్టిలో ఈ కేసు 38 ఏళ్లలో ఏ రోజున చల్లారిందో "కోల్డ్ కేసు" రచయితలు చెప్పాలి. ఒంటికన్నుతో పెరిగిన సారాకు అలబామా గవర్నరు క్షమాపణ ఉత్తరం 2020లో వచ్చింది. బాంబు పేలి అప్పటికి 57 ఏళ్లు.

పాతకేసులు తవ్వడం దండగ అని కొందరు మిత్రులంటారు: ముసలివాళ్లను జైల్లో పెట్టి ఏం సాధిస్తారు, ఆ శక్తి నేటి అన్యాయాల మీద పెట్టరాదా అని. నేను ఒప్పుకోను. తవ్వవలసిందే. కాని హంతకుడి దగ్గర ఆగిపోకూడదు. బర్మింగ్‌హామ్‌లో హంతకుల పేర్లు 1965కే తెలుసు. తవ్వితే బయటపడిన కొత్త సంగతి వాళ్ల పేర్లు కాదు, ఆ పేర్లు తెలిసీ దాచిన కార్యాలయం. ఆ కార్యాలయంలో ఒక్క మనిషి మీదా, ఆధారాలు దాచినందుకు, కేసు నడవలేదు. హత్యానేరానికి అలబామాలో కాలదోషం లేదన్న నియమం ముసలి చెర్రీని జైలుకు పంపింది. దాచడమనే నేరానికి అలాంటి నియమం లేదు.

ఇంకొక మాట. ఆ ఆదివారం బర్మింగ్‌హామ్‌లో చచ్చిపోయిన నల్లపిల్లలు నలుగురు కాదు, ఆరుగురు. పుస్తకాలు, సినిమాలు నలుగురి దగ్గరే ఆగుతాయి. పదమూడేళ్ల వర్జిల్ వేర్ అన్న తొక్కుతున్న సైకిలు మీద ముందు కూర్చుని పోతుంటే, స్కూటరు మీద వచ్చిన ఇద్దరు తెల్ల కుర్రవాళ్లు కాల్చారు. వాళ్లకు వేసిన ఏడునెలల శిక్షను నిలిపేసి, మంచి నడవడి షరతు మీద ఇంటికి పంపారు. పదహారేళ్ల జానీ రాబిన్సన్‌ను పోలీసు వీపులో కాల్చాడు. తెల్లవాళ్ల కారు మీద కుర్రవాళ్లు రాళ్లు విసిరారట. పోలీసులు వస్తే జానీ పరుగెత్తాడు. ఆ పోలీసు మీద నేరం మోపడానికి గ్రాండ్ జ్యూరీ నిరాకరించింది. అక్కడ వెతకడానికి టేపు లేదు, పోల్చడానికి డి.ఎన్.ఎ. అక్కర్లేదు, కాల్చిన చేతి పేరు ఆ రోజు నుంచే సర్కారు కాగితాల్లో వుంది. పాత జాతివిద్వేష హత్యలను తిరగదోడేందుకు ఎమ్మెట్ టిల్ పేర 2008లో చేసిన చట్టం కింద, నలభై అయిదేళ్లు దాటాక, జానీ ఫైలు మళ్లీ తెరిచారు. కాల్చినవాడు 1970లలోనే చనిపోయాడని రాసుకుని మూసేశారు.