115 శాతం పెరిగిందా.. 13 శాతం తగ్గిందా?

వుడ్‌సైడ్ ఆరేళ్ల లెక్కల్లో మన వాళ్లు చూడాల్సింది ఏమిటి?

2025 ఫిబ్రవరిలో పెర్త్‌కు చెందిన వుడ్‌సైడ్ ఎనర్జీ తన 2024 లెక్కలు ప్రకటించింది. నికర లాభం 357 కోట్ల అమెరికా డాలర్లు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 115 శాతం ఎక్కువ. అదే ప్రకటనలో ఇంకో లాభం కూడా ఉంది. అది 288 కోట్ల డాలర్లు. ముందటి ఏడాది కంటే 13 శాతం తక్కువ! కంపెనీ ఒకటే, ఏడాది ఒకటే. లాభం పెరిగిందన్నా నిజమే, తగ్గిందన్నా నిజమే. మరి షేరు కొనాలనుకునే వాడు దేన్ని నమ్మాలి?

ఈ గొడవ మనకెందుకు అనుకోవద్దు. ఆస్ట్రేలియా వచ్చిన మన వాళ్లలో ఇప్పుడు షేర్లు కొనే అలవాటు బాగా పెరిగింది. గిడ్డంగిలో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడి దగ్గర నుంచి, వృద్ధాశ్రమాల్లో పనిచేసే అక్కల దాకా ఫోన్‌లో ఒక యాప్ ఉంటోంది. మొదటిసారి కొనడానికి 500 డాలర్లుంటే చాలు. ఆదివారం నలుగురు కలిసి భోంచేసే చోట "గ్యాస్ కంపెనీ డివిడెండ్ భలే ఇస్తోందట" అనే మాట వినిపిస్తుంది. సోమవారానికల్లా ఊళ్లో అప్పు తీర్చడానికి దాచిన డబ్బు షేర్లలోకి వెళ్లిపోతుంది. ఆ కంపెనీ లెక్కల కాగితం మాత్రం ఎవరూ తెరవరు.

అందుకే మేం వుడ్‌సైడ్ ఆదాయ పట్టికలను 2019 నుంచి 2024 దాకా ఆరేళ్లవి పక్కపక్కన పెట్టి చూశాం. కొనమని గానీ, అమ్మమని గానీ చెప్పడం మా ఉద్దేశం కాదు. చదవడం ఎలాగో చూద్దాం, అంతే.

ఆరేళ్ల లెక్క ఇదీ

అన్నీ కోట్ల అమెరికా డాలర్లలో, దశాంశాలు సవరించి ఇస్తున్నాం.

2019: రాబడి 487, నికర లాభం 34
2020: రాబడి 360, నికర నష్టం 403
2021: రాబడి 696, నికర లాభం 198
2022: రాబడి 1,682, నికర లాభం 650
2023: రాబడి 1,399, నికర లాభం 166
2024: రాబడి 1,318, నికర లాభం 357

ఈ వరసలో ఏ ఒక్క ఏడాదిని విడిగా చూసినా పప్పులో కాలేసినట్టే. 2020 చూసినవాడు ఈ కంపెనీ మునిగిపోతోంది అంటాడు. 2022 చూసినవాడు బంగారు బాతు అంటాడు. రెండూ నిజం కావు.

గుంటూరు మిర్చి లెక్కే

రాబడి అంటే ఏమిటి? అమ్మిన సరుకును ధరతో గుణిస్తే వచ్చేది. వుడ్‌సైడ్ అమ్మేది సహజవాయువు, చమురు. ధర దాని చేతిలో లేదు. మన మిర్చి రైతుకూ అంతే కదా. క్వింటాలు 20 వేలు దాటి పలికిన రోజులు చూసి అందరూ మిర్చి వేశారు. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ధర పడిపోయి, కేంద్రం 11,781 రూపాయల మద్దతు ప్రకటించాల్సి వచ్చింది. రైతు పనితనం తగ్గలేదు, చేను మారలేదు. మారింది ధరే.

వుడ్‌సైడ్ ఉత్పత్తిని చూడండి. 2020లో 10 కోట్ల బ్యారెళ్ల చమురుకు సమానమైన సరుకు తీసింది. అప్పటికి అదే రికార్డు. అదే ఏడాది భారీ నష్టం వచ్చింది. కరోనాతో ధరలు కుప్పకూలాయి మరి. ఇక 2022లో రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లడంతో గ్యాస్ ధరలు ఆకాశాన్నంటాయి. ఆ ఏడాది వుడ్‌సైడ్‌కు బ్యారెల్ లెక్కన సగటున 98 డాలర్లు గిట్టింది. 2023లో అది 69కి దిగింది. 2024లో 63 చిల్లర. 2022లో 15.8 కోట్ల బ్యారెళ్లు తీస్తే, 2024లో 19.4 కోట్ల బ్యారెళ్లు తీశారు. సరుకు పెరిగినా రాబడి మాత్రం 364 కోట్లు తగ్గింది.

కాబట్టి ఇంధన కంపెనీ లెక్క చదివేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే: పెరిగింది సరుకా, ధరా? సరుకు పెరిగి వచ్చిన లాభం కొంత నిలుస్తుంది. ధర పెరిగి వచ్చిన లాభం ధరతోనే పోతుంది.

వాటాదారులు ఎంతమంది?

2022 రాబడి అంతగా ఎగరడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఏడాది జూన్ 1న బీహెచ్‌పీ పెట్రోలియం వ్యాపారం మొత్తం వుడ్‌సైడ్‌లో కలిసింది. అందుకు బదులుగా బీహెచ్‌పీ వాటాదారులకు 91 కోట్లకు పైగా కొత్త షేర్లు ఇచ్చారు. దాంతో మొత్తం షేర్లు సుమారు 98 కోట్ల నుంచి 190 కోట్లకు చేరాయి.

పొలం రెట్టింపయింది, నిజమే. పంచుకునే అన్నదమ్ములు కూడా రెట్టింపయ్యారు. 2021 నుంచి 2022కి మొత్తం లాభం మూడు రెట్లు దాటింది. షేరు ఒక్కింటికి వచ్చిన లాభం మాత్రం 2 డాలర్ల నుంచి 4 డాలర్ల 30 సెంట్లకు, అంటే రెట్టింపు పైచిలుకు మాత్రమే పెరిగింది. 2023లో అది 90 సెంట్ల లోపుకు జారింది. పెద్ద అంకెలు చూసి సంబరపడే ముందు పట్టికలో అడుగున ఉండే "షేరుకు లాభం" అనే వరస చూడాలి. మన చేతిలో ఉన్నది ఆ ముక్కే.

'ఒక్కసారి' నష్టాలు ఎన్నిసార్లు?

ఇప్పుడు మొదట్లో వేసుకున్న ప్రశ్నకు వద్దాం. రెండు లాభాలెందుకు?

చట్ట ప్రకారం చూపే లాభాన్ని స్టాట్యుటరీ అంటారు. ఇందులో అన్నీ కలుస్తాయి. రెండోది అండర్‌లైయింగ్ లాభం. ఒక్కసారి మాత్రమే వచ్చాయని కంపెనీ భావించే లాభనష్టాలను తీసేసి, మామూలు వ్యాపారం ఎలా నడిచిందో చెప్పే లెక్క ఇది. తీసేసే వాటిలో పెద్దది ఆస్తుల విలువ తగ్గింపు. నాలుగు లక్షలు పెట్టి బోరు వేయించాం, నీళ్లు సగమే పడ్డాయి అనుకోండి. పుస్తకంలో ఆ బోరు విలువ రెండు లక్షలకు తగ్గించి రాసుకోవాలి. ఈ ఏడాది జేబులోంచి రూపాయి పోలేదు. కానీ ఆ డబ్బు ఏనాడో పోయింది. ఇవాళ ఒప్పుకుంటున్నాం, అంతే.

2020లో వుడ్‌సైడ్ నష్టం 403 కోట్లయితే, అందులో 392 కోట్లు ఇలాంటి తగ్గింపే. అదీ, అలాంటి మిగతా "ఒక్కసారి" ఖర్చులూ తీసేస్తే 45 కోట్ల లాభం వచ్చినట్టు కంపెనీ లెక్క. 2023లో మళ్లీ తగ్గింపులు వచ్చి 332 కోట్ల లాభం కాస్తా 166 కోట్లయింది. 2024 లాభం 115 శాతం పెరిగినట్టు కనిపించింది అందుకే. పోల్చింది పల్లంలో ఉన్న ఏడాదితో! అండర్‌లైయింగ్ లెక్కలో పోలిస్తే 332 నుంచి 288కి తగ్గుదలే.

అయితే అండర్‌లైయింగే అసలు నిజం అని దాన్నే పట్టుకు కూర్చోవడమూ పొరపాటే. 2019లో కెనడాలోని కిటిమాట్ ప్రాజెక్టు మీద పెద్ద తగ్గింపు. 2020లో మళ్లీ. 2023లో మళ్లీ. ఆరేళ్లలో మూడుసార్లు వచ్చినదాన్ని "ఒక్కసారి" అని ఎలా అంటాం? 2021, 2022ల్లో తగ్గించిన విలువలో కొంత తిరిగి పెంచి రాశారు, నిజమే. అదంతా కలుపుకున్నా ఆరేళ్ల అండర్‌లైయింగ్ లాభాల మొత్తం 1,456 కోట్లు. చట్ట ప్రకారం లాభాల మొత్తం 1,003 కోట్లే. అంటే మామూలు వ్యాపారంలో సంపాదించామని చెప్పిన ప్రతి వంద డాలర్లలో 31 డాలర్లు "ఒక్కసారి" ఖర్చుల్లో కొట్టుకుపోయాయి.

ఏ ఒక్క ఏడాది కాగితంలోనూ ఈ మాట కనిపించదు. వరసగా పెట్టి కూడితేనే బయటపడుతుంది.

డివిడెండ్ చూసి దిగినవాళ్లు

2022 సంవత్సరానికి వుడ్‌సైడ్ షేరుకు 253 అమెరికా సెంట్ల డివిడెండ్ ఇచ్చింది. మన వాళ్ల నోళ్లలో నానింది ఈ అంకే. 2023కు అది 140 సెంట్లు. 2024కు 122. కంపెనీ మాట తప్పిందా అంటే, లేదు. అండర్‌లైయింగ్ లాభంలో కనీసం సగం పంచుతామన్నది దాని విధానం. లాభం తగ్గితే డివిడెండూ తగ్గుతుంది. మంచి ఏడాది డివిడెండ్‌ను ఏటా వచ్చే వడ్డీ అనుకోవడం మన తప్పే.

షేరు ధర సంగతీ అంతే. ఒక దశలో 35 ఆస్ట్రేలియా డాలర్లు దాటిన షేరు 2025 ఏప్రిల్‌లో 20 డాలర్ల లోపుకు పడింది. తర్వాత కొంత తేరుకుంది. కానీ చెల్లెలి పెళ్లికని ఆ నెలలోనే అమ్ముకోవాల్సి వచ్చినవాడికి తేరుకోవడం ఏం లాభం?

ఇంకో విషయం. ఆదాయ పట్టికలో కనిపించనిది కూడా ఉంటుంది. 2024 జూన్‌లో సెనెగల్‌లో సంగోమార్ చమురు మొదలైంది. స్కార్‌బరో గ్యాస్ ప్రాజెక్టుకు, అమెరికాలో 2025 ఏప్రిల్‌లో పచ్చజెండా ఊపిన లూసియానా ఎల్ఎన్‌జీకి భారీ పెట్టుబడి పోతోంది. ఈ డబ్బు పోయిన ఏడాదే ఖర్చుగా కనపడదు. తర్వాతి ఏళ్లలో తరుగుదల రూపంలో, వడ్డీ రూపంలో మెల్లగా దిగుతుంది. అందుకే నగదు రాకపోకల పట్టిక కూడా పక్కన పెట్టుకోవాలి.

కరెంటు కంపెనీ కథ వేరు

ఇంధనం అంటే అన్నీ ఒకటే అనుకోకూడదు. మనలో చాలామందికి కరెంటు బిల్లు పంపే ఏజీఎల్‌నే తీసుకుందాం. దాని లెక్కల సంవత్సరం జూన్‌తో ముగుస్తుంది, లెక్కలు ఆస్ట్రేలియా డాలర్లలో. 2021లో 206 కోట్ల నష్టం చూపింది. అండర్‌లైయింగ్ లెక్కలో మాత్రం 54 కోట్ల లాభం. పాతరోజుల్లో ఎక్కువ ధరకు కుదుర్చుకున్న గాలిమరల కరెంటు ఒప్పందాలు గుదిబండలయ్యాయి. 2023లో మళ్లీ 126 కోట్ల నష్టం. లోయ్ యాంగ్ బొగ్గు కేంద్రాన్ని 2045కు బదులు 2035లోనే మూసేయాలని నిర్ణయించడం అందులో ఒక కారణం. మరుసటి ఏడాది 71 కోట్ల లాభం.

వుడ్‌సైడ్‌లో చూడాల్సింది ప్రపంచ ధర. ఏజీఎల్‌లో చూడాల్సింది పాత ఒప్పందాలు, మూతపడే ప్లాంట్లు. ప్రశ్నలు మారతాయి, వరసగా చదివే పద్ధతి మారదు.

మన లాంటి వాళ్లకు ప్రత్యేకం

వుడ్‌సైడ్ లెక్కలు అమెరికా డాలర్లలో. డివిడెండ్ మన ఖాతాలో పడేది ఆస్ట్రేలియా డాలర్లలో. ఇంటికి పంపేది రూపాయల్లో. మధ్యలో రెండు మారకాలు. లాభం పెరిగినా మారకం వంకరగా తిరిగితే మన చేతికొచ్చేది తగ్గొచ్చు.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. కంపెనీ ముందే 30 శాతం పన్ను కట్టి ఇచ్చే ఫ్రాంక్డ్ డివిడెండ్‌కు, ఇక్కడ పన్ను లెక్కల్లో నివాసి అయితే ఆ మేరకు జమ దొరుకుతుంది. దేశం వదిలి వెళ్లి నాన్ రెసిడెంట్ అయ్యాక ఇక్కడ అదనపు పన్ను పడదు గానీ, ఆ జమ వాపసు రాదు. ఇండియాలో స్థిరపడితే అక్కడి పన్ను వేరే. రెండు మూడేళ్లలో తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ముందే అకౌంటెంట్‌ని అడగడం మేలు.

చివరగా ఒక్క మాట. ఏ కంపెనీ అయినా వార్షిక నివేదికలు తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. అయిదారేళ్లవి దించుకుని ఒక తెల్లకాగితం మీద అయిదు వరసలు రాయండి: సరుకు, ధర, రెండు రకాల లాభాలు, షేరుకు లాభం, డివిడెండ్. ఒక పూట పని. ఊళ్లో అరెకరం కొనాలంటే పాస్ పుస్తకం, పాత దస్తావేజులు, బోరులో నీళ్లు అన్నీ చూస్తాం. పొరుగువాళ్లను కూడా అడుగుతాం. ఇక్కడ రాత్రిళ్లు నిద్ర కాచి సంపాదించిన డబ్బుకు ఆ పాటి మర్యాద ఇవ్వలేమా?