ఆయిల్ బ్రేకులు – మన మెట్ట దారులు

సైకిలును గూర్చి వ్రాయుట కళాశాల సంచికకు తగిన విషయమా అని కొందరు మిత్రులు మమ్ము పరిహసించినారు. ప్రతి ఉదయం మన సైకిల్ స్టాండు వద్ద ఐదు నిమిషాలు నిలిచి చూచినవారు ఆ ప్రశ్న వేయరు. తాతగారి కాలపు రాడ్ బ్రేకుల నల్ల సైకిలు మొదలు, లావు టైర్ల కొండ సైకిలు వరకు అన్ని తరాల వాహనాలు అక్కడ ఒకే గోడకు ఆనుకొని ఉంటాయి. గత వర్షాకాలంలో మా తరగతి మిత్రుడొకడు ఏటవాలు దారిన దిగుతూ, బ్రేకు తీగ తెగి పడిపోయినాడు. కుడి మణికట్టు విరిగి, ఆ ఏడాది పరీక్ష వ్రాయలేకపోయినాడు. నాటి నుండి బ్రేకులను గూర్చిన మా చర్చ కాలక్షేపంగా మిగలలేదు.

కొండ సైకిలు పుట్టుక కథలోనే బ్రేకు ఉన్నది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ యువకులు పాత లావు టైర్ల సైకిళ్లపై ఒక మట్టి దారిన కొండ దిగే పందెం పెట్టుకొన్నారు. పెడలు వెనుకకు త్రొక్కితే పట్టే బ్రేకు ఆ సైకిళ్లకు ఉండేది. దిగువకు చేరేసరికి హబ్బులోని గ్రీజు కాగి పొగయై పోయేది. మరల గ్రీజు కూరితే తప్ప ఇంకొకసారి దిగుటకు వీలు లేదు. ఆ 'మరల కూరుట' అనే అర్థంలోనే ఆ పందెమునకు 'రీప్యాక్' అని పేరు నిలిచినది.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు సూత్రం మన భౌతికశాస్త్ర పాఠంలోనిదే. మూసియున్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకు సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ పదిహేడవ శతాబ్దంలోనే చెప్పినాడు. హేండిల్ వద్ద పిడి నొక్కితే చిన్న ముషలకం నూనెను నెట్టుతుంది. చక్రం ఇరుసు వద్ద అంతకంటె పెద్ద ముషలకాలు ఆ పీడనాన్ని గ్రహించి, ప్యాడ్లను ఉక్కు పళ్లెంపై బిగిస్తాయి. వైశాల్యం నాలుగు రెట్లయితే బలమూ నాలుగు రెట్లు. కదలిక మాత్రం నాలుగవ వంతు. కనుకనే ప్యాడుకు, పళ్లెమునకు మధ్య సందు వెంట్రుకవాసి మాత్రమే ఉంటుంది. 1953లో లె మాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచినది. సైకిలు వరకు ఆ సౌకర్యం రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టినది.

పుస్తకజ్ఞానంతో తృప్తి చెందక, గత డిసెంబరులో మేము ముగ్గురం మూడు రకాల సైకిళ్లను ఆటోలో ఎక్కించుకొని మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ కొండలకు పోయినాము. ఆ శిఖరం 1,265 మీటర్ల ఎత్తు. రాడ్ బ్రేకు సైకిలు రెండవ మలుపుకే లొంగిపోయినది. వ్రేళ్లు తిమ్మిరెక్కినవి, రబ్బరు కాలిన వాసన వచ్చినది. అక్కడి నుండి దానిని నడిపించుకొనియే తెచ్చినాము. తీగతో రిమ్మును పట్టే బ్రేకు బాగానే పనిచేసినది గాని, రిమ్ము చేయి పెట్టలేనంత వేడెక్కి, రెండుచోట్ల ఆగవలసి వచ్చినది. ఆయిల్ బ్రేకును ఒక్క వ్రేలితో పట్టవచ్చును. అదియే దాని గుణం, అదియే దాని ప్రమాదం. మన దేశంలో కుడి పిడి ముందు చక్రానిది. రాడ్ బ్రేకును బిగించినంత గట్టిగా మా మిత్రుడు దానిని బిగించగా వెనుక చక్రం జానెడు పైకి లేచినది. కొంతదూరం మెల్లగా నేర్చుకొన్న తరువాత మాత్రం అతడు మా ఇద్దరికంటె ముందుగా, అలసట లేకుండ దిగువకు చేరినాడు. కొండ దారికి ఈ బ్రేకే శ్రేష్ఠమని మేము నిస్సంకోచంగా ఒప్పుకొంటున్నాము.

అయితే హార్స్‌లీ కొండలు వేరు, అనంతపురం వేరు. తడిసిన రిమ్ముపై రబ్బరు జారుతుంది, పళ్లెంపై ప్యాడు జారదు అని అమ్మేవారు చెప్పే మాట నిజమే. కాని సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచే ఈ సీమలో రిమ్ము తడిసే దినాలెన్ని? ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడిలో తిరిగేవారి సంగతి వేరు. అక్కడ ఒక్క వాన కురిస్తే బంక మట్టి రిమ్ముకు, బ్రేకుకు మధ్య కూరుకొని చక్రమే తిరుగదు. ఇరుసు వద్ద ఉండే పళ్లెమునకు ఆ బాధ తక్కువ. ఎర్ర నేలపై సమతలంగా కళాశాలకు వచ్చిపోయే విద్యార్థికి ఆ అవసరం లేదు.

ఇక మరమ్మతు సంగతి. తుమ్మముల్లు గుచ్చుకొన్నదని మా మిత్రుడు ఇంట్లో చక్రం విప్పి పెట్టగా, అతని తమ్ముడు ఆటకు పిడి నొక్కినాడు. మధ్య పళ్లెం లేనందున ప్యాడ్లు రెండూ కలిసిపోయి, మరల చక్రం ఎక్కలేదు. మనమందరం ఉస్తాద్ అని పిలుచుకొనే రిపేరు షాపు పెద్దాయన వద్దకు మోసుకొనిపోయినాము. ఆయన చదునైన రేకుతో నెమ్మదిగా ప్యాడ్లను విడదీసి, "రాడ్ వంగితే సుత్తితో సరిచేస్తాను బాబూ, తీగ తెగితే తీగ వేస్తాను. దీంట్లో ఏ ఆయిల్ పోయాలో నాకెవరు చెప్తారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. కొన్నిటికి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ద్రవం. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు చెడుతుంది. ఇంకొక విద్యార్థి కీచుమంటున్నదని పళ్లెంపై కుట్టుమిషను నూనె వేసి, ప్యాడ్లను పూర్తిగా పాడుచేసుకొన్నాడు. క్రొత్త ప్యాడ్లు బెంగళూరు నుండి వచ్చువరకు రెండు వారాలు అతడు నడిచి వచ్చినాడు.

అన్నిటికంటె మేము నిరసించేది చవుక కొండ సైకిళ్లకు తగిలించిన తీగ డిస్కును. చూపుకు ఆయిల్ బ్రేకు, పనిలో రాడ్ బ్రేకుకు తమ్ముడు. పలుచని పళ్లెం కొద్దిగా వంగితే నిత్యం రాసుకొంటూ ఉంటుంది. తండ్రి వేరుశెనగ అమ్మి ఇచ్చిన డబ్బుతో ఆ మెరుపును కొనుట కంటె, మంచి రిమ్ము బ్రేకు ఉన్న సాదా సైకిలు కొని, మిగిలినది పుస్తకాలకు ఉంచుకొనమని మా సలహా. మా మాట కొందరికి రుచించదని తెలుసు. స్టాండులో అటువంటివే ఎక్కువ.

కళాశాల కమిటీ వారికి మా మనవి చిన్నది. స్టాండు వద్ద ఒక బీరువా, అందులో బ్రేకు తీగలు, రబ్బర్లు, రెండు రకాల ఆయిల్, వాటిపై తెలుగులోను ఉర్దూలోను పేర్లు వ్రాసిన చీటీలు, గాలి తీయుటకు కావలసిన సిరంజి, గొట్టం. ఏ సైకిలుకు ఏ ఆయిలో చూచి పట్టిక వ్రాసి ఉస్తాద్‌కు ఇచ్చే పని మేము చేస్తాము. నెలకొక శనివారం సాయంత్రం వచ్చి అందరి బ్రేకులు చూచుటకు ఆయన ఒప్పుకొన్నారు. కూలి ఆయన అడుగలేదు. అది కమిటీ వారే నిర్ణయించవలెను.