పెళ్లి కంపెనీలది... కట్నం కాలేజీలది!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊళ్లోనైనా కాస్త పెద్ద కాలేజీలోకి వెళ్లి తలెత్తి చూడండి. వరండా కప్పుకి బోర్లించిన సాసరులాంటి తెల్లడబ్బా ఒకటి కనిపించవచ్చు. మధ్యలో చిన్న లైటు. హాస్టల్లో పిల్లాడు అర్ధరాత్రి దాకా చూసే వీడియో పాఠం (పాఠమే అనుకుందాం!) దాంట్లోంచే వస్తుంది. దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు. దానిమీద ఏ కంపెనీ పేరుందో పిల్లాడికి అక్కర్లేదు. ఫీజు కట్టే నాన్నకి అంతకన్నా అక్కర్లేదు. కానీ ఆ పేరు వెనక జరిగిన పెళ్లిళ్లూ పేరంటాల ఖర్చులో కొంత చివరికి ఆ ఫీజులోకే వచ్చి చేరుతుంది.

వైఫై డబ్బాల కంపెనీల్లో ఇంటిపేరు మారనివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. సిస్కో 2005లో ఎయిర్‌స్పేస్‌ని 45 కోట్ల డాలర్లకు కొంది. 2012లో మెరాకీని 120 కోట్ల డాలర్లకు. 2002లో పుట్టిన అరూబాని 2015లో హెచ్‌పీ తీసుకుంది. అదే ఏడాది హెచ్‌పీ రెండుగా చీలితే, అరూబా హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ వాటాకి వెళ్లింది. ఇక రకస్ కథ మరీ చిత్రం. 2016లో బ్రొకేడ్, 2017లో ఆరిస్, 2019లో కామ్‌స్కోప్... మూడేళ్లలో మూడిళ్లు తిరిగింది. 2016లో ఆ డబ్బాలు కొన్న కాలేజీ, వారంటీ కోసం ఎవరి గుమ్మం తొక్కాలో ఏడాదికోసారి కనుక్కోవాల్సి వచ్చిందన్నమాట.

వీటన్నిటిలోకీ పెద్ద పెళ్లి ఈమధ్యే అయింది. అరూబాని చేతిలో ఉంచుకున్న హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్, జునిపర్‌ని 1400 కోట్ల డాలర్లకు కొంటామని 2024 జనవరిలో ప్రకటించింది. జునిపర్ దగ్గర మిస్ట్ అనే వైఫై కంపెనీ ఉంది, 2019లో కొనుక్కున్నది. అంటే ఎదురెదురు దుకాణాలు రెండూ ఒకే చేతికిందికి వస్తాయి. అమెరికా న్యాయశాఖ 2025 జనవరిలో కోర్టుకెక్కింది. ఈ కొనుగోలు జరిగితే అమెరికాలో సంస్థలు వాడే వైఫై వ్యాపారంలో 70 శాతానికి పైగా ఇద్దరి చేతుల్లోనే ఉంటుందన్నది దాని వాదన. జూన్‌లో రాజీ కుదిరింది, జులై 2న పెళ్లయిపోయింది.

అమెరికాలో పెళ్లయితే రేపల్లెలో మనకేం పని అంటారా? ఉంది. ఇద్దరు అమ్మేవాళ్లు పోటీ పడితేనే కదా కొనేవాడు బేరమాడేది! బాపట్ల కాలేజీ కరస్పాండెంటు ముందుకొచ్చే కొటేషన్లు నాలుగు నుంచి మూడుకి తగ్గితే, ఆ మూడోవాడి గొంతు కూడా మారుతుంది.

అసలు చిక్కు మాత్రం కొనేటప్పుడు కాదు, కొన్నాక. దీన్ని అర్థం చేసుకోవడానికి రేపల్లె వాళ్లకి రైలు గుర్తొస్తే చాలు. తెనాలి మీదుగా గుంటూరు నుంచి రేపల్లె వచ్చే లైను బ్రాడ్‌గేజి. గుంతకల్లు నుంచి గుంటూరు వచ్చేది 1990లలో మార్చేదాకా మీటరుగేజి. ఆ బండి ఎంత బాగున్నా గుంటూరు దాటి ఇటు రాలేదు. మూటాముల్లె దించుకుని బండి మారాల్సిందే.

వైఫైలోనూ అంతే. మీ ఫోనుకీ గోడమీది డబ్బాకీ మధ్య భాష అందరిదీ ఒకటే. 1997 నుంచి దానికి ప్రపంచమంతటికీ ఒకే ప్రమాణం ఉంది. అందుకే ఏ ఫోనయినా ఏ డబ్బాతోనైనా పలుకుతుంది. కానీ డబ్బాలన్నిటినీ నడిపించే కంట్రోలర్ అనే పెద్దాయనకీ, ఆ డబ్బాలకీ మధ్య జరిగే మాటలు ఏ కంపెనీవి ఆ కంపెనీవే. ఇక్కడా ఒకే భాష ఉండాలని 2009లో క్యాప్‌వ్యాప్ అనే ప్రమాణం రాశారు. రాసిందైతే ఉంది! దానిమీద ఎవరి సొంత మసాలా వాళ్లు కలుపుకోవడంతో ఒకరి డబ్బా ఇంకొకరి కంట్రోలర్ మాట విననే వినదు. ఒక కాలేజీ మొదటి ఏడాది 100 డబ్బాలు ఒక కంపెనీవి బిగించిందనుకోండి. మూడో ఏడు కొత్త హాస్టలు కట్టి ఇంకో 40 కావాలంటే, ధర నచ్చకపోయినా ఆ గుమ్మానికే వెళ్లాలి. లేదా రెండు కాపురాలు నడపాలి.

పైగా ఇప్పుడా కంట్రోలర్ చాలాచోట్ల కాలేజీలో ఉండదు, కంపెనీ క్లౌడ్‌లో ఉంటుంది. ఏటా లైసెన్సు కట్టాలి. మెరాకీలో ఒక లైసెన్సు పద్ధతి ఉంది. గడువు దాటాక 30 రోజులు ఆగుతుంది, ఆపైన నెట్‌వర్కు ఆగిపోతుంది. డబ్బా మనదే, కరెంటూ మనదే, లైటు మాత్రం వెలగదు! ట్రాక్టరు కొనుక్కున్న రైతుకి ఏటా తాళంచెవి అద్దెకిచ్చినట్టు ఉంటుందిది.

జాగ్రత్తపడే దారి లేకపోలేదు. పిల్లల లాగిన్ పేర్లు, పాస్‌వర్డులు డబ్బా కంపెనీ క్లౌడ్‌లో కాకుండా కాలేజీ సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. ఆ సర్వర్ మాట్లాడే భాషని అన్ని కంపెనీలూ ఒప్పుకుంటాయి. ఒక విశ్వవిద్యాలయం విద్యార్థి మరో దేశపు క్యాంపస్‌లో తన లాగిన్‌తోనే వైఫై వాడుకునే ఎడ్యురోమ్ నడిచేది ఈ కిటుకు మీదే. మన దేశంలో దాన్ని ఎర్నెట్ చూస్తోంది. ఇలా చేస్తే రేపు కంపెనీ మారినా మార్చాల్సింది డబ్బాలే, వేలమంది పిల్లల వివరాలు కదపక్కర్లేదు. రెండోది, సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్న: లైసెన్సు కట్టకపోతే ఈ డబ్బా మామూలు డబ్బాగానైనా పనిచేస్తుందా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకోవాలి. ఎందుకంటే చెప్పిన సేల్స్ కుర్రాడు రేపు ఏ కంపెనీలో ఉంటాడో!

అన్నట్టు, మొన్నటి రాజీలో ఓ షరతుంది. అరూబా పేరుమీద 2019లో వచ్చిన 'ఇన్‌స్టంట్ ఆన్' వ్యాపారాన్ని హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ వేరొకరికి అమ్మేయాలి. ఏటా లైసెన్సు అక్కర్లేని రకం ఇదే. చిన్న కాలేజీలు, నర్సింగ్‌హోములు, లాడ్జీలవాళ్ల కోసం చేసింది. తెనాలిలో ఎవరి గోడమీదైనా ఆ డబ్బా ఉంటే, కొన్న బిల్లు వెతికి భద్రంగా పెట్టుకోండి.